పసుపు రాసిన గోలు

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఎలా ఆడుతుందో విజయనగరంలో సగంమందికి తెలియదు. అసలు మ్యాచీలన్నీ పై ఊళ్ళలోనే జరిగేవి. ఆటగాళ్ళు రైలెక్కి వెళ్ళేవారు, నెగ్గో ఓడో తిరిగొచ్చేవారు, వాళ్ళు చెప్పిన కబుర్లు మేం నోరు తెరుచుకుని నమ్మేవాళ్ళం. కళ్ళారా చూడ్డానికి మాకు మిగిలింది ఏడాదికి ఒక్కటే, శివరాత్రి వెళ్ళాక జరిగే ప్రాక్టీసు మ్యాచి. ఉన్న జట్టునే రెండు ముక్కలు చేసి, సగంమందికి చొక్కాలు, సగంమందికి బనీన్లు వేయించి, వాళ్ళలో వాళ్ళకే పోటీ పెట్టేవారు డ్రిల్లు మాస్టారు. పై ఏటి జట్టులో ఎవరుండాలో ఆ రోజే తేలిపోయేది.

నేను పీయూసీలో చేరిన ఏడు, అంటే అరవైల చివర్లో, ఆ మ్యాచి చూడ్డానికి ఇరవైమందిమి ఉంటాం. అందులో ఇద్దరు గడ్డి కోసుకోవడానికి వచ్చినవాళ్ళు. మూడో ఏటికల్లా బఠాణీల బండ్లు, ఐసు డబ్బాలు, లెక్చరర్లకి కుర్చీలు, గోడ మీద కోతుల్లా స్కూలు పిల్లలు. అంతలా ఎందుకు పెరిగిందో నాకు తెలుసు. ఆ మ్యాచిలో మనం ఓడిపోయే ప్రమాదమే లేదు. చొక్కాలు నెగ్గినా మనమే, బనీన్లు నెగ్గినా మనమే. అరిచిన అరుపు బూడిదలో పోసిన పన్నీరు కాదు. ఇంతకంటే సుఖమైన అభిమానం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అరిచేవాళ్ళలో మొదటి గొంతు నాదే. రెండేళ్ళు అలా అరిచాక నాకో దుర్బుద్ధి పుట్టింది. అరవడమేమిటి, నేనే ఆడితే? గోలు కాసే సీనియరు ఆ ఏడు డిగ్రీ పూర్తిచేసి వెళ్ళిపోతున్నాడు. ఆ చోటుకి ఇద్దరం మిగిలాం. ఒకణ్ణి నేను. రెండోవాడు శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. వలలు లాగి లాగి వాడి అరచేతులు తెడ్లలా ఉండేవి. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. నాకు మాత్రం ఆ చోటు ఎంత కావాలంటే, మంచం మీద పక్కకి దూకడం సాధన చేసి నవారు తెంపాను.

ఉన్నవాణ్ణి ఊరుకోక ఇంట్లో చెప్పాను. మా ఊరు చీపురుపల్లి దగ్గర. మా మేనత్త చెవిన పడ్డ మాట ఊరందరి చెవిన పడ్డట్టే. "మా మేనల్లుడు కాలేజీలో గోలు కాస్తన్నాడు" అని చాటేసింది. గోలంటే ఏమిటో అక్కడ ఒక్కరికీ తెలియదు. చేను కాసినట్టే అనుకున్నారు. అయినా మ్యాచి రోజు ప్యాసింజరు దిగి పద్దెనిమిదిమంది ఊరేగింపుగా వచ్చేశారు. రెండు డప్పులు, ఒక జంతికల డబ్బా, ఒక కొబ్బరికాయ.

అత్త సరాసరి నేను నిలబడ్డ గోలు దగ్గరికి వచ్చి, పైకీ కిందకీ చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! పసుపు రాయకుండా రాటలు పాతీసినారేటి? ఇదేటి సోద్యం!"

మావైపు పెళ్ళిపందిరికైనా సరే, పసుపూ బొట్టూ లేకుండా రాట నేలలోకి దిగదు.

"ఇది పందిరి కాదత్తా, ఆట" అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"ఆటైతే ఏటి? నువ్వు నిల్సునే సోటు కాదేటి?"

చెంగు ముడి విప్పి, రెండు రాటలకీ పసుపు రాసి, బొట్లు పెట్టి, కాయ టప్పుమని కొట్టేసింది. డ్రిల్లు మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయారు.

"అయిందా అమ్మా?"

"అయింది బాబూ. ఇంకాడించీ."

ఆ మొదటి సగం ఏమని చెప్పను! నేను చొక్కాల వైపు. బంతి నా మీదికి నాలుగుసార్లు వచ్చింది. మూడు పట్టాను. నాలుగోది నన్ను దాటిపోయి రాటకి తగిలి వెనక్కి ఎగిరింది. "సూసినారా, అమ్మోరు తన్నీసింది!" అంది అత్త. డప్పులు మోగిపోయాయి. మా మావయ్య డప్పు కొడుతూనే చిందేశాడు. అవతలి గోలులో సముద్రం కుర్రాడికి రెండు గోల్సు పడ్డాయి. వాడి వెనక మనిషన్నవాడు లేడు. ఒక మేక మేస్తోంది. నేను జట్టులోకి వచ్చేసినట్టేనని, నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

సగం ఆట అయిందని విజిలు మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదని. నేను నడక మొదలుపెట్టగానే వెనకనుంచి కేక.

"ఒరే, ఎక్కడికి పోతన్నావు?"

"అటు గోలుకి అత్తా. సగమయ్యాక చోట్లు మారతాం."

"మరి ఇక్కడికెవులొస్తారు?"

"వాడు."

అత్త నన్ను చూసింది. పసుపు రాటల్ని చూసింది. "కాయ ఒకటే తెచ్చానురా" అంది నీరసంగా.

"పోనీ, మీరైనా అటు వచ్చేయండి" అన్నాను. మావయ్య డప్పు భుజానికెత్తబోయాడు.

"కూకోండి!" అంది అత్త. "అమ్మోరిని పెట్టిన సోటొగ్గీసి లెగిసి పోతామేటి? కళ్ళు పోతాయి."

పద్దెనిమిదిమందీ కూర్చుండిపోయారు. నేనెళ్ళి మేక ముందు నిలబడ్డాను.

అయిదు నిమిషాలు వాళ్ళు ఓపిక పట్టారు. తర్వాత సముద్రం కుర్రాడు ఒక బంతిని గుండెకి హత్తుకోగానే డప్పు దానంతటదే మోగింది. "అద్దీ! ఒగ్గకు నాయినా!" అని అత్త కేకేసింది. వాడు కంగారుపడి వెనక్కి తిరిగి, ఆ కేక తనకేనా అని చూసుకున్నాడు. వాడు నవ్వగా చూడ్డం నాకదే మొదటిసారి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా సొంత మేనత్త! ఆ మంటలో ఒక గోలు పడింది, వెంటనే ఇంకోటి. మూడోది పూర్తిగా నా తప్పే. అత్త వాడి నోటికి కొబ్బరిముక్క అందిస్తుంటే అటే చూస్తూ నిలబడ్డాను.

ఆఖర్న మా చొక్కాలవాళ్ళకి పెనాల్టీ దొరికింది. అది పడితే మూడుకి మూడు, నా పరువూ నా చోటూ దక్కే దారి అదొక్కటే. మావాడు బలంకొద్దీ తన్నాడు. సముద్రం కుర్రాడు పక్కకి ఎగిరి, గాలిలో అడ్డంగా తేలి, ఆ తెడ్ల చేతులతో బంతిని ఒడిసి పట్టుకుని కింద పడ్డాడు. ఇటు నా గోలులో నేను ఎగిరి గంతేశాను. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల కూడా వేశాను. రెండేళ్ళ అలవాటు మరి, గొంతుకి ఎవరి చోటు పోతోందో తెలియదు కదా.

డ్రిల్లు మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. "నీ చోటు ఎగిరిపోతుంటే ఈలేస్తావేమిరా?" అని, వాడి పేరు రాసుకున్నారు.

మ్యాచి అయ్యాక వాడు దుమ్ము చేతులు కట్టుకుని అత్త ముందుకొచ్చాడు. "మావోళ్ళు ఏట ఒగ్గీసి రాలేరు. నా ఎనకాల ఇంతమంది ఉండడం ఇదే మొదలత్తా" అన్నాడు. సముద్రం మీద వేట మానుకుని ఎవరొస్తారు? నా కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. జంతికల డబ్బా నేనే వాడి చేతిలో పెట్టాను.

తిరుగు రైలు ఎక్కించడానికి స్టేషనుకి వెళ్ళినప్పుడు అత్త కిటికీలోంచి అడిగింది. "పసుపు రాసినకాడ ఒక్క బంతైనా దూరిందేటి?"

ఆలోచించాను. నేనున్నప్పుడు దూరలేదు, వాడున్నప్పుడూ దూరలేదు. పడ్డ అయిదూ ఉత్త రాటల మధ్యే పడ్డాయి. "లేదత్తా."

"మరింకేటి ఏడుపు? పై ఏడు రెండు కాయలు తెస్తాను."

తెచ్చింది. రెండువైపులా రాటలకి పసుపు రాసింది. ఆ ఏడు ఒక్క గోలూ పడక, ఎవణ్ణి ఉంచాలో ఎవణ్ణి తీసెయ్యాలో తెలియక డ్రిల్లు మాస్టారు తల పట్టుకున్నారు. ఆట మొదలయ్యే ముందు మాత్రం సముద్రం కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు, నేనున్నానో లేదోనని. ఉన్నాను. మావయ్య డప్పు నా మెడలో ఉంది. ఒక్క దెబ్బ వేశాను, వాడు ముందుకి తిరిగాడు.