పెద్దమందడి చేలో ఆకాశానికి కాపలా

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో బడి మానేశాను, చేతిరాత కూడా వంకరే. కాగితం మీద రాసిస్తే మా ఆయన అక్క, అంటే మా వదిన, తన బ్లాగులో ఎక్కిస్తానంది. ఆయన డ్రోన్‌తో పొలాలకు మందు కొడతారు. పైన ఏమైనా ఎదురొస్తే చూసి చెప్పడానికి తోడొక మనిషి ఉండాలి. రోజూ వెళ్లే అతనికి జ్వరం రావడంతో ఆ రోజు నేను బయల్దేరాను.

తెల్లవారకముందే గద్వాల నుంచి ట్రాలీ ఆటోలో కదిలాం. బస్సులో వచ్చేవాళ్లు ఎర్రవల్లి చౌరస్తాలో మారాలి. బీచుపల్లి దగ్గర పది రూపాయల చాయ్ తాగాం.

"నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?" అని చాయ్ పోసే అవ్వ అడిగింది.

"ఆకాశం చూస్త, అవ్వా."

"గంతేనా? గా పని నాకన్న ఇప్పియ్యరాదు!"

వంతెన మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, కృష్ణ కింద పారుతోందో మా పక్కనే నడుస్తోందో తెలియలేదు.

ఎండ పొడిచేసరికి పెద్దమందడిలో వేరుశనగ చేనుకు చేరాం. డ్రోన్ తన రిమోట్ మాట తప్ప ఎవరి మాటా వినదని, ఆ మాటలకు లోపలే తాళం ఉంటుందని ఆయన చెప్పారు. మా వాకీటాకీలకు ఆ తాళం లేదు. పక్క చేలో మాలాగే డ్రోన్‌తో మందు కొట్టే మొగుడూ పెళ్లాల మాటలు కూడా అందులోనే గరగరమంటున్నాయి.

చేను మధ్యలో ఒక గుట్ట ఉంది, ఆయన దానికి అవతల, నేను ఇవతల నిలబడ్డాం. మందు తుంపర ఎండలో తెల్లటి చీరలా ఆరుతోంది. అంతలో ఒక హెలికాప్టర్ బాగా కిందుగా వచ్చింది. గుట్ట అడ్డం, అవతలున్న ఆయనకు కనిపించదు. మా డ్రోన్ అదే సమయానికి గుట్ట దాటడానికి పైకి లేస్తోంది.

"ఇగో, దించుండ్రి!" అన్నాను. దిగలేదు. "ఇగో, ఇగో!" ఇంకా పైకే పోయింది. గరగరలో గొంతు పోల్చుకోలేక, పక్క చేలో ఆమె తన భర్తను పిలుస్తోందనుకున్నారట. ఆమె కూడా 'ఇగో' అనే పిలుస్తోంది మరి. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు పలకరు.

కళ్లు మూసుకుని ఆయన పేరు పెట్టి అరిచాను.

డ్రోన్ గాలిలో ఒక్క క్షణం ఆగి, చేలోకి దిగిపోయింది. హెలికాప్టర్ నీడ ఆకుల మీదుగా, నా మీదుగా జారి వెళ్లిపోయింది.

"అందరం ఇగో అంటే ఏ మొగడు ఇనాలె?" అని పక్క చేను ఆమె నవ్వింది. పరుగెత్తుకొచ్చిన ఆయన మాత్రం, "మల్లొక్కపారి పిలువు" అన్నారు. నేను పిలవలేదు.

మధ్యాహ్నం ఇంకో చేనుకు మందు కొట్టడానికి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్తూ దారంతా పైకే చూశాను. ఆకాశం ఖాళీగా ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అక్కడా ఒకరికొకరు ఎదురొస్తారు. పిలిస్తే వినాలి, పిలిచింది మనవాళ్లేనని తెలియాలి. మీరు ఈ పనికి వెళ్తే, ఎగరేసే ముందే ఇద్దరికే తెలిసిన మాటొకటి అనుకోండి, రోజూ దాన్ని మార్చుకోండి.

వదినా, ఎక్కించాక ఈ కాగితం పొయ్యిలో వేసేయండి. రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని వెనకవైపు ఆయన పేరు రాశాను.