కిటికీలోంచి వేసిన రుమాలు

గుడివాడలో బందరు బస్సెక్కేసరికి భూమ్మీది జనమంతా అందులోనే ఉన్నారు. ఖాళీగా ఉన్న ఒక్క సీటు మీదా ఎవరో కిటికీలోంచి రుమాలు వేసి మాయమయ్యారు. నా ఫోను ఆగడం లేదు. బంటుమిల్లిలో మా రొయ్యల మేత కొట్టు నుంచి గుమాస్తా.

"మేత రికార్డు ఇంకెవరో వాడుతున్నారట, లాకయిందంటోందండీ కంప్యూటరు. బిల్లు రావట్లేదు, లారీ కదలట్లేదు."

ఇక జిల్లా రొయ్యలన్నీ పస్తే. కంప్యూటర్లన్నీ ఆపేసి మళ్లీ పెట్టమని అరవబోతుండగా, పక్కనున్న పెద్దావిడ రుమాలెత్తి, "ఇదెవరిదండీ?" అని బస్సంతా వినేలా అడిగింది. ఎవరూ పలకలేదు. "వస్తే లేస్తాలే" అంటూ కూర్చుంది.

"ఆపకు," అన్నాను ఫోన్లో. "ఎవరు తెరిచి వదిలేశారో కేకేసి అడుగు."

రెండు నిమిషాల్లో గుమాస్తా మళ్లీ ఫోన్లోకొచ్చాడు. "అకౌంటెంటుగారండీ. భోజనానికెళ్లారు. ఆయన స్క్రీన్ మీద తెరిచున్న రికార్డు మూశాను, బిల్లొచ్చేసింది."

ఇప్పుడు మా కొట్లో లాకు పడితే ముందు ఊరంతా వినేలా కేకేస్తాం. సగం లాకులు ఆ కేకకే విడిపోతున్నాయి.