మూడు వందల పన్నెండు ఇండెక్సులు

ఆ కాలంలో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో జీతం తక్కువైనా, తిండి తక్కువైనా మనిషి సర్దుకుపోతాడు కానీ, మర్యాద తక్కువైతే సర్దుకోలేడు. నేనైతే ఇప్పటికీ సర్దుకోలేదు. కోలారు దగ్గర వేమగల్‌లో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, కంప్యూటర్ విభాగంలో ట్రైనీగా చేరిన మొదటి రోజే ఒక సీనియర్ (ఊరు బూదికోట, అందుకని అందరికీ ఆయన బూదికోట అన్న) నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "నీకు ఇదంతా ఇప్పుడే యాడ తెలుస్తుందప్పా, ఊరికే చూస్తా ఉండు" అన్నాడు. అది సోమవారం, పదకొండు దాటి పది నిమిషాలు. క్యాంటీన్‌లో నాకు రెండోసారి సాంబారు పోయనిది ఆ వారమే, బుధవారం. ఇలాంటివి నేను రాసిపెట్టుకోను. రాసిపెట్టుకోవలసిన అవసరం నాకు రాదు.

ఆ ఉద్యోగం నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. కేజీఎఫ్‌లో మా వీధి మగవాళ్లలో సగం మంది తెల్లవారకముందే రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు పనికి పోయి, ఒంటికాలిమీద నిలబడి తిరిగొచ్చేవాళ్లు. మా నాన్న కూడా ఆ రైలు మనిషే. ఆ రైలును తప్పించుకున్న మొదటివాణ్ణి నేనేనని మా అమ్మ చర్చిలో ప్రార్థన అయ్యాక పదిమందికి చెప్పింది కూడా. ఆరు నెలల ట్రైనింగ్ ఒక శనివారంతో ముగుస్తుంది. ఆ రోజు మా మేనేజరు నన్ను ఉంచుకుంటాడో, ఆ రైలుకే అప్పగిస్తాడో తేలాలి.

మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు బోర్డు సారు. ఏ విషయమైనా బోర్డు మీద అంకెగా కనిపిస్తేనే ఆయనకు నమ్మకం. సరిగ్గా ఆ శనివారానికి ముందు సర్వర్ నిండిపోయింది. ఆయన శుభ్రతా వారం ప్రకటించి, ఎంత చోటు ఖాళీ అయిందన్నది వదిలేసి, ఎవరు ఎన్ని ఫైళ్లు తీసేశారో బోర్డు మీద రాయించడం మొదలుపెట్టాడు. కొండంత ఫైలు తీసినవాడికీ ఒకటే, ఆవగింజంత ఫైలు తీసినవాడికీ ఒకటే. బూదికోట అన్న పెద్ద పెద్ద పాత వీడియోలు ఏడు తీసి, ఏడు అంకెతో మిగిలాడు. నేను ఆవగింజల కోసం వెతికాను.

దొరికాయి. మా యంత్రాలు నడిచే ప్రోగ్రాములన్నీ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనే ఏర్పాటులో ఉండేవి. అది పాత మార్పులన్నిటినీ బిగించి ప్యాక్ ఫైళ్లుగా కడుతుంది. అప్పుడప్పుడు వాటన్నిటినీ కలిపి ఒకటిగా కట్టాలి. ఆ పనిని ఎవరో ఎప్పుడో ఆపేసి మళ్లీ మొదలుపెట్టలేదు కాబట్టి వందల ప్యాకులు పేరుకుపోయాయి. ప్రతి పెద్ద ప్యాక్ పక్కనా అదే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంది. తెరిస్తే అర్థంకాని గీతలు. సగంలో ఆగిపోయిన కాపీలని నిర్ణయించాను (ఎవరినీ అడగలేదు, చూస్తా ఉండమన్నవాణ్ణి అడగడమా?). తీసేయబోతే కంప్యూటర్ ప్రతిసారీ, "ఇది మార్చకూడని ఫైలు, తీసేయనా?" అని అడిగింది. మూడు వందల పన్నెండు సార్లు అడిగింది. మూడు వందల పన్నెండు సార్లూ సరే అన్నాను. బోర్డు మీద నా పేరు పైకి పోయింది.

మరునాడు పొద్దున ఒక్క ప్రోగ్రామూ బయటికి రాలేదు. అడిగినవన్నీ లేవు లేవు అంటోంది గిట్. కింద యంత్రాలు ఆగిపోయాయి, ఆపరేటర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను వెంటనే నా కర్తవ్యం నెరవేర్చాను. సర్వర్ నిర్వహణలో జరుగుతున్న నిర్లక్ష్యం గురించి ఆరు అంశాలతో అందరికీ మెయిల్ పంపాను. (నాలుగో అంశం సాంబారు.)

ఆ మెయిల్ చదివి బూదికోట అన్న తన కుర్చీని నా దగ్గరికి లాక్కొచ్చాడు.

"ఏమప్పా, ప్యాకుల పక్కన ఇండెక్స్ ఒగటీ లేదే. ఎవురు తీసినారు?"

"నేను ఇండెక్స్ ఏమీ ముట్టలేదన్నా. సగం కాపీ అయిన చిన్న ఫైళ్లుంటే తీసినా, అంతే."

"ఎన్ని?"

"మూడు వందల పన్నెండు."

"తీసేటప్పుడు అది అడిగుంటాదే?"

"అడిగింది. ప్రతిదానికీ సరే అంటిని. వేలు నొప్పి కూడా పుట్టింది."

"నొప్పి పుట్టినప్పుడన్నా నిలిపుండొచ్చు కదప్పా!" అని, నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "భయపడొద్దు. సరుకు యాడికీ పోలేదు, ప్యాకులో భద్రంగా ఉండాది. ఏది యాడ ఉండాదో చెప్పే పట్టిక పోయింది. ప్యాకును మొదట్నుంచి చదివిస్తే పట్టిక మళ్లీ తయారవుతుంది. ముందు అన్నిటికీ ఒక కాపీ తీయి. ఇంగ నేను చెప్తా, నువ్వు కొట్టు."

ఆయన చెప్పాడు, నేను కొట్టాను. భోజనం వేళకు మూడు వందల పన్నెండు ఇండెక్సులూ తిరిగొచ్చాయి. ఏదైనా కావాలంటే అన్ని పట్టికలూ తిరగెయ్యకుండా, చివర్లో ప్యాకులన్నిటికీ కలిపి ఒకే పట్టిక కూడా నా చేతే రాయించాడు. ప్రోగ్రాములు మునుపటికన్నా చురుగ్గా బయటికి వచ్చాయి.

బోర్డు సారు తన కన్నడం కలిసిన తెలుగుతో దిగాడు. "ఏనప్పా ఇది? పొద్దున ఎందుకు నిలిచింది? ఇప్పుడు ఇంత స్పీడు ఎట్ల వచ్చింది?"

"పాత పట్టికలు తీసి కొత్తవి కట్టినాం సార్. ఇద్దరం చేసినాం" అన్నాడు అన్న.

సారు తలూపి, బోర్డు దగ్గరికి పోయాడు. తీసిన మూడు వందల పన్నెండూ తిరిగొచ్చాయి కాబట్టి సున్నా. కొత్తగా ఇంకో పట్టిక పుట్టింది కాబట్టి నా పేరు ఎదురుగా మైనస్ ఒకటి. అయినా శనివారం నా చేతికి ఉత్తరం వచ్చింది. నన్ను ఉంచుకున్నారు.

మా అమ్మ సంతోషించింది. నేను మాత్రం ఆ ఇద్దరం అనే మాట దగ్గరే ఆగిపోయాను. కొట్టింది నా వేళ్లు, పేరులో సగం ఆయనకా? ఈ అన్యాయాన్ని ఏళ్ల తరబడి మోశాను. ఆయన వేరే కంపెనీకి పోయినప్పుడు కూడా, వీడ్కోలు కేకు తిన్నాను కానీ మాట్లాడలేదు.

మొన్న బంగారుపేట ప్లాట్‌ఫారం మీద కనిపించాడు. జుట్టు నెరిసింది. పలకరింపులు అవ్వకముందే అడిగేశాను. "అన్నా, ఆ పొద్దు సారుతో ఇద్దరం అన్నావే. కొట్టింది నేనొక్కణ్ణే కదా?"

ఆయన ఏ పొద్దో గుర్తుతెచ్చుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "అవునప్పా, నువ్వొక్కనివే. తీసేసింది కూడా నువ్వొక్కనివే కదా?"

రైలు వచ్చింది, ఆయన ఎక్కి వెళ్లిపోయాడు. అక్కడే బెంచీ మీద కూర్చుని, అడిగిన ప్రతిదానికీ సరే అంటూ వేలు నొప్పి పుట్టించుకున్న ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. ఎంత ధీమా! ఎవరు తనను కాపాడారో కూడా తెలియనంత ధీమా. అన్న మీద ఉన్న ఆ ఫిర్యాదును అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను. ఇంతవరకు నేను వెనక్కి తీసుకున్నది అదొక్కటే.