మనసు కొండల్లో, ఉద్యోగం అర్కాన్సాలో

చదువుకున్నవాడు తన కొంపకి తానే ఎంత పద్ధతిగా నిప్పు పెట్టుకోగలడో తెలియాలంటే, ఎనభైల మొదట్లో అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంట జరిగిన ఒక విందు సంగతి వినండి.

అప్పట్లో నేను ప్రతి సోమవారం పక్క రాష్ట్రం అర్కాన్సాలో ఉన్న మా కంపెనీ ప్లాంటుకి వెళ్లి శుక్రవారం తిరిగొచ్చేవాణ్ణి. పిల్లలతో ఒంటరిగా వేగలేక నా భార్య సుభద్ర విసిగిపోయింది. ఇంతలో గ్రూప్ లీడర్ పోస్టు ఖాళీ అయింది. అది వస్తే ప్రయాణాలు ఉండవు. ఇవ్వాల్సింది మా బాస్ టామ్ వాంగ్. ఆయన్ని భోజనానికి పిలిచాం.

అడగాల్సింది ఒక్క మాట. నేనేం చేశాను? లైబ్రరీకి పరిగెత్తాను! చైనా మనిషి మనసు తెలియాలంటే చైనా తత్వం చదవాలి కదా మరి! అక్కడ దొరికింది షువాన్‌షువే. మూడో శతాబ్దంలో అక్కడి పండితులు కన్ఫ్యూషియన్ల కొలువు మర్యాదనీ, తావో వారి శూన్యాన్నీ కలిపి వండిన తత్వం. కొలువులో ఉన్నా మనసు కొండల్లో ఉండాలట. కోరిక చూపకూడదట. మన ఇళ్లలో మారు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి వద్దువద్దంటామే, ఆ మొహమాటానికి చైనాలో ఏకంగా శాస్త్రమే ఉందని మురిసిపోయాను.

“ఏమండీ, నేరుగా పోస్టు కావాలని అడగండి,” అంది సుభద్ర.

“నీకు తెలీదు. వద్దన్నవాడికే వాళ్లు పిలిచి ఇస్తారు.”

“ఆ పుస్తకం రాసినాయన ప్లేనోలో జాబ్ చేశాడా?”

వాంగ్ వచ్చాడు. గుత్తివంకాయ రెండుసార్లు వేయించుకుని, సూటిగా అడిగాడు: “రావ్, గ్రూప్ లీడర్ పోస్టు మీద ఇంట్రెస్ట్ ఉందా?”

సుభద్ర చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. నేను మాత్రం పరీక్ష మొదలైందనుకుని, జలుబు చేసిన మునీశ్వరుడిలా కళ్లు అరమూశాను.

“కోరిక లేనివాడికి అన్నీ నిండుగానే ఉంటాయి.”

“అంటే, వద్దా?”

“కావాలి, వద్దు, రెండూ అలలే. అడుగున ఉన్నది శూన్యం.”

“మీ శూన్యం తగలెయ్య! ఎస్ అనండి!” అని తెలుగులో పళ్లు కొరికింది సుభద్ర.

“ఏమంటున్నారావిడ?”

“ఇంకాస్త పప్పు వేసుకోమంటోంది.”

“మరి ఆ ట్రావెల్ కష్టంగా లేదా?”

“దేహం అర్కాన్సాలో ఉన్నా మనసు కొండల్లోనే ఉంటుంది.”

వాంగ్ ఎంతో గౌరవంగా తలూపాడు. ఇంకోసారి అడుగుతాడని చూశాను. అడగలేదు. పెరుగన్నం తిని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే పోస్టు పక్క సీటు బిల్‌కి వెళ్లింది. ఆ బిల్ చేసిన తపస్సల్లా “నాకు కావాలి” అనడమే! ఉడికిపోతూ వాంగ్ గదిలోకి వెళ్లాను.

“నేను మీ తత్వం ప్రకారమే మాట్లాడానే!”

“నా తత్వమా?” ఆయన తెల్లబోయాడు. “నేను పుట్టింది హ్యూస్టన్‌లో. ఆదివారమైతే చర్చి, తర్వాత ఫుట్‌బాల్. అదంతా మీ హిందూ మతం అనుకున్నానయ్యా! ప్రమోషన్ ఇచ్చి నిన్ను పాపంలోకి దించకూడదని ఎంత జాగ్రత్తపడ్డానో! అర్కాన్సా పని కూడా ఇంకో ఏడాది నీకే పొడిగించాను. అక్కడ కొండలు బాగుంటాయి.”

ఈ కబురు ఇంట్లో చెప్పాక ఏం జరిగిందో రాయను. అష్టదిక్పాలకుల సాక్షిగా ఒక్క ప్రతిజ్ఞ మాత్రం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు ఏది కావాలా అని అడిగినా, ప్రశ్న పూర్తయ్యేలోపే “కావాలి” అంటాను. అది కాకరకాయ పులుసైనా సరే.