ఆయుధపూజలో చేతిబాంబు

గంధం ముంచిన నా వేలు ఆ చేతిబాంబు పక్కన ఆగిపోయింది. అక్కడ ఉండవలసిన రంధ్రం లేదు. వేలిని చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడా లేదు. తల మీద ఉంగరం, దానికి పిన్ను మాత్రం ఉన్నాయి. నా వెనకాలే పిల్లలిద్దరూ బొరుగుల గిన్నె కోసం కొట్లాడుకుంటున్నారు.

ఆ రంధ్రం సంగతి మా ఆయన వల్లే తెలుసు. యుద్ధంలో పారాచ్యూట్లు కట్టుకొని విమానాల్లోంచి దూకిన సైనికుల వస్తువులు సేకరించడం ఆయనకు పిచ్చి. చూపు ఆనదని సైన్యం ఆయన్ను తీసుకోలేదు. వేలూరు సత్తువాచారిలో మా ఇంట్లో ఒక బీరువా మొత్తం వాటికే. మెరూన్ రంగు టోపీలు, రెక్కల గుర్తు కుట్టిన చొక్కాలు, సొట్టపోయిన నీళ్ల సీసా. ఖాళీ చేతిబాంబు కూడా ఒకటి ఉంది. ఎవరొచ్చినా దాని పక్కనున్న రంధ్రంలో అగ్గిపుల్ల దూర్చి చూపిస్తారు. "ఈ తూటు ఉండాదంటే లోపల మందు లేదని అర్థం. పిల్లోళ్ళు కూడా ఆడుకోవచ్చు" అంటారు. నేను మాత్రం పిల్లల్ని ఆ బీరువా దగ్గరికి పోనివ్వను. కొన్ని చొక్కాల కాలర్ల మీద చెమట మరకలు ఇంకా పోలేదు. ఆ మెడ ఎవరిదో అనిపిస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ సారి ఆయుధపూజకు నేనూ పిల్లలూ ముందుగానే గుడియాత్తంలోని అత్తగారింటికి చేరాం. పూజకు ముందురోజు ఆయన తిరుపత్తూరు వెళ్లి, చనిపోయిన ఒక పారా సైనికుడి పెట్టె నేరుగా అక్కడికే తెచ్చారు. "చెదలు తింటా ఉండాయి, మీరన్నా బాగా చూసుకోండి" అని ఆ సైనికుడి కూతురు ఇచ్చిందట. యూనిఫారం కింద, ఉన్ని మేజోడులో చుట్టి ఉంది ఈ చేతిబాంబు. ఇదీ ఖాళీదే అనుకున్నారు ఆయన.

అత్తది నేతగాళ్ల ఇల్లు. పూజ రోజు మగ్గం ఆపి, పోగు నడిపే నాడెలూ కత్తెరలూ కడిగి పీట మీద పెడతారు. నేతగాడికి నాడె ఎట్లో సైనికుడికి ఇది అట్లే కదా అని, అత్తే దాన్ని కొబ్బరి పీచుతో తోమి నాడెల పక్కన పెట్టింది. దీపం వెలిగించి, గంధం, కుంకుమ పెట్టమని నాకు చెప్పింది.

"ఏమండీ, ఇట్ల రాండి. దీనికి తూటు ఏదీ?"

ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఉంటాదిలే, సరిగ్గా చూడు" అంటూనే తల అటూ ఇటూ వంచి చూసి, చప్పున వెనక్కి జరిగారు.

పెరటి బావిలో పడేద్దామని చెయ్యి చాచాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"దీపం పెట్టినాక ఆయుధాన్ని కదిలించగూడదు. తెల్లారి మళ్ళా పూజ చేసినాకనే ఎత్తాల."

"అత్తా, అది పేలిపోతాది!"

"పేలేదాన్ని చేత పట్టుకోని పరిగెత్తుతావా? సుమ్మా అట్లే వదిలిపెట్టు. బిడ్డల్ని ఎత్తుకోని బయటికి పద." వెనక్కి తిరిగి కొడుకుతో అంది: "పాత గుడ్డలు తెచ్చినావనుకుంటి గదరా. కొరివి తెచ్చినావే!"

ఆయన పోలీసులకు ఫోను చేస్తే వాళ్లూ తమిళంలో ఆ మాటే చెప్పారు: ఎవరూ ముట్టుకోకండి, కదిలించకండి. వీధిలో ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. "ఏమప్పా, దీపావళికి ఇంకా నాళ్ళుండాయే, అప్పుడే టపాసు తెచ్చేసినావు?" అని ఎదురింటి ముసలాయన మా ఆయన్ను అడిగితే, భయంలోనూ నలుగురు నవ్వారు.

వీధి చివర బడి అరుగు మీద కూర్చున్నాం. ఆరేళ్ల నా కూతురు నా చెవిలో చెప్పింది.

"అమ్మా, నిన్న నేను ఆ ఉంగరం పీకితిని. రాలేదు. తమ్ముడు కూడా పీకినాడు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నాయన వస్తువులు ముట్టుకుంటే నువ్వు కొడతావు గదా."

దాన్ని దగ్గరకు లాక్కున్నాను, అంతే. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి, నిద్రపోతున్న పిల్లల వేళ్లు తడిమి వస్తున్నాను.

వేలూరు నుంచి బాంబుల పని తెలిసినవాళ్లు వచ్చారు. "నేనే తెచ్చినాను. సరిగ్గా చూసుకోలేదు" అని మా ఆయన ఎవరూ అడగకముందే వాళ్లకు చెప్పేశారు. వాళ్లు దాన్ని ఇసుక నింపిన పెట్టెలో పెట్టుకొని పోయి, ఊరి బయట గుంత తీసి పేల్చారు. ఆ శబ్దం మా అరుగు దాకా వచ్చింది. టపాసనుకొని పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన గోడకు ఆనుకొని కూర్చుండిపోయారు.

"అన్నీ ఎవరికన్నా ఇచ్చేస్తా" అన్నారు.

"గుడ్డలు ఉండనీండి. ఇనుము వద్దు" అన్నాను.

తెల్లవారి, ఇడ్లీ తినేముందు పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాను.

"అది బొమ్మ గాదు. మనుషుల్ని చంపేదానికి చేసింది. దాంట్లో మందు ఉండాదని మాకూ తెలీలేదు. ఇంకమీద తెలియని వస్తువు యాడ కనబడినా ముట్టుకోవద్దండి. ముట్టుకున్నా సరే, దాచిపెట్టకుండా వచ్చి నాకు చెప్పండి. చెప్పినోళ్ళని నేను కొట్టను."

"నాయనని కొడతావా?" అన్నాడు చిన్నవాడు.

"నాయన కూడా పోలీసుల కాడ నిజమే చెప్పినాడు గదా. ఆయన్నీ కొట్టను" అన్నాను.