మాస్టారి మట్టి

భీమరాజు గారు క్లాసులో పిల్లల్ని కళ్లు మూసుకోమనేవారు. థర్డ్ ఇయర్ సివిల్ వాళ్లకి హైడ్రాలిక్స్ పాఠం. అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడు. కడుపునిండా అన్నం తిని వచ్చిన పిల్లల్ని కళ్లు మూసుకోమంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? సగంమంది నిజంగానే నిద్రపోయేవారు. ఆయన ఏమీ అనుకునేవారు కాదు.

"మీరొక ఇసుక రేణువు. ధవళేశ్వరం దగ్గర గేటు ఎత్తారు. మీరు కాలువలో పడ్డారు. మీకు ఈత రాదు, రానక్కర్లేదు. నీళ్లే మోసుకెళ్తాయి" అని మెల్లగా మొదలుపెట్టేవారు. లాకులు దాటించి, వంతెనల కింద నుంచి పంపించి, అరటితోటల నీడల్లోంచి తిప్పి, ఇరవై నిమిషాల తర్వాత చిట్టచివరి తూము దగ్గరికి తీసుకొచ్చేవారు. "మా నాన్నగారి చేలోకి వచ్చేశారు. కళ్లు తెరవండి." అప్పుడు లేచి బోర్డు మీద సమీకరణం రాసేవారు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా రెండు క్లాసుల మధ్యా ఉన్నది ప్లైవుడ్ గోడ. నాది లెక్కలు, నా పేరు రామతులసి. ఇటు నేను ఇంటిగ్రేషన్ చెబుతుంటే అటు నుంచి ఆయన గోదావరి వచ్చి పడేది. "మాస్టారూ, మీ కాలువలో మా సిలబస్ కొట్టుకుపోతోందండి" అని ఎన్నిసార్లు దెబ్బలాడానో. "గట్టు కట్టుకోండమ్మా" అని నవ్వేవారు.

మా కాలేజీ తొంభై ఆరులో రాజమండ్రి నుంచి మండపేట వెళ్లే దారిలో, వరి చేలు పూడ్చిన చోట పెట్టారు. పేరు ఎందుకు, ఇప్పుడు ఆ పేరూ లేదు. నేనూ, భీమరాజు గారూ ఒకే వారంలో చేరాం. ఆయనది ద్రాక్షారామం పక్క ఊరు. భీమేశ్వరస్వామికి మొక్కుకుంటే పుట్టారని ఆ పేరు పెట్టారట. మనిషి మాత్రం గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేవారు. స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఆయనది. టీ తెప్పించుకుని, చేలకేసి చూస్తూ, దాని మీద మీగడ కట్టేదాకా మరిచిపోయేవారు. ఏమాలోచిస్తున్నారని అడిగితే, "నీళ్లు" అనేవారు.

ఆ నీళ్ల పిచ్చికి ఒక కారణముంది. వాళ్లది శివారు భూమి. అంటే కాలువ చిట్టచివర నాలుగెకరాలు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలారని కబురొస్తుంది కానీ, నీళ్లు రావు. పైన ఉన్నవాళ్లు వాడుకోగా మిగిలింది, అడుగున పేరుకున్న వండ్రుమట్టిని దాటలేక ఎక్కడో ఆగిపోతుంది. వాళ్ల నాన్నగారు ఎండిన కాలువలో పడుకుని, నేలకి చెవి ఆనించి, నీళ్ల చప్పుడు వినపడుతుందేమోనని చూసేవారట. చిన్నప్పుడు పక్కనే ఈయనా పడుకునేవారు. "నాకు వినపడినట్టే ఉండేదమ్మా. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ని. లేచేసరికి చెంప మీద మట్టే ఉండేది" అని చెప్పారొకసారి.

డెల్టాలో ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. అందరూ చేపలు పట్టుకుందుకు దిగితే, ఈయన మట్టి కొలిచేందుకు దిగేవారు. డాక్టరేట్ కోసం పన్నెండు చోట్లు గుర్తుపెట్టుకున్నారు. మోపెడ్ మీద వెళ్లడం, అంగుళాలు గీసిన ఇనుప ఊచ అడుగున దించి ఏ ఏడు ఎంత మట్టి చేరిందో రాసుకోవడం. పదకొండు చోట్ల ఏటికేడూ మట్టి పెరిగేది. పన్నెండోది గానుగ వంపు. ఎప్పుడో అక్కడ గానుగ ఆడేదట. వంపు లోపలి వైపు నీళ్లు మెల్లబడతాయి కాబట్టి మట్టి ఇంకా ఎక్కువ చేరాలి. కానీ అక్కడ మాత్రం అడుగు కడిగి తుడిచినట్టు ఉండేది.

మొదటేడు, అంటే తొంభై ఏడులో, అక్కడా మోకాటిలోతు మట్టి ఉందని ఆయన పుస్తకంలో ఉంది. కానీ ఆ రోజు ఆయన కాలుజారి పడ్డారు, ఊచ వంగింది. కొలత తప్పి ఉంటుందని తర్వాత కొట్టేశారు. తొంభై ఎనిమిది నుంచి వరసగా ఎనిమిదేళ్లు గానుగ వంపు శుభ్రంగా ఉంది.

ఆ శుభ్రంలోంచే ఆయన కల పుట్టింది. ఆ వంపు ఆకారంలోనే ఏదో ఉంది, అక్కడ నీళ్లు సుడి తిరిగి మట్టిని లేపేస్తున్నాయి, ఆ కిటుకు పట్టుకుంటే ప్రతి వంపునీ అలాగే కట్టొచ్చు, కాలువ తనని తానే శుభ్రం చేసుకుంటుంది, పూడిక తీయక్కర్లేదు, నీళ్లు ఆగకుండా చివరి తూము దాకా పోతాయి. ఆయన ఇది చెబుతుంటే స్టాఫ్ రూములో ఫ్యాను చప్పుడు కూడా నాకు కాలువలా వినపడేది. ఆ కొలతలకి సమీకరణం కట్టింది నేనే. అంకెలు ఎంత బుద్ధిగా కూర్చున్నాయో. అంత బుద్ధిగా కూర్చుంటే లెక్కలు చెప్పేదానికి అనుమానం రావాలి. నాకు ముచ్చటేసింది.

రెండువేల ఆరుకి వ్యవహారం పీకల మీదికి వచ్చింది. డాక్టరేట్ రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన ఆఖరి గడువు జూన్ నెలాఖరు. ఆలోపు థీసిస్ ఇస్తే కొత్త సంవత్సరం నుంచి డిపార్ట్‌మెంటుకి ఆయనే హెడ్డు, ఇవ్వకపోతే బయటి నుంచి డాక్టరేట్ ఉన్నాయన్ని తెస్తామని ప్రిన్సిపాల్ గారు ముఖం మీదే చెప్పారు. థీసిస్ టైపు కూడా అయిపోయింది. ఆ ఏటి కొలత ఒక్కటే చేర్చాలి.

ఆయనకొక అలవాటుంది. ఏటా కాలువ కట్టగానే గానుగ వంపు దగ్గర ఉండే లస్కరు గంగయ్యకి కార్డు రాసేవారు. గట్లూ తూములూ చూసుకునే మనిషిని లస్కరు అంటారు. అతని పెంకుటిల్లు సరిగ్గా ఆ వంపు గట్టునే ఉంది. 'గంగయ్య గారికి, ఫలానా తారీఖున వస్తున్నాను' అని ఒక్క ముక్క. పెద్దరికం ఉన్న మనిషింటికి చెప్పకుండా వెళ్లకూడదని ఆయన పద్ధతి. ఆ ఏడూ రాశారు. తీరా ఆ తారీఖునే కాలేజీకి తనిఖీ వాళ్లు వస్తారని తెలిసి, ఒకరోజు ముందే బయల్దేరాం. నేనెందుకంటే, ఎనిమిదేళ్ల అంకెలు చూశాను గానీ ఆ వంపుని ఒక్కసారీ చూడలేదు.

బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే పొద్దున్న ఎండ కొబ్బరాకుల్లోంచి పడుతోంది. ఖాళీ కాలువలో మడుగులు కట్టిన నీళ్ల మీద కొంగలు నిలబడి ఉన్నాయి. భీమరాజు గారు పెళ్లిచూపులకి తీసుకెళ్తున్నట్టు ముందు నడుస్తున్నారు. వంపు తిరిగాం.

కాలువ లోపలి వైపు మోకాటిలోతు వండ్రు మట్టి ఉంది. సగం మేర చెక్కేసి ఉంది. పార పట్టుకుని గంగయ్య, తట్ట నెత్తిన పెట్టుకుని అతని భార్య అప్పాయమ్మ మమ్మల్ని చూసి కంగారుపడి ఆగిపోయారు.

"అదేంటండి మాస్టారూ, రేపు కదండీ వత్తానన్నారు" అన్నాడు గంగయ్య, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ. "ఇంకా సగం కూడా తియ్యలేదండి."

భీమరాజు గారు చెక్కేసిన మట్టి అంచుకేసి చూస్తున్నారు. నేనే అడిగాను, "ఏటా తీస్తారా?" అని.

"ఆయ్, కార్డు రాగానే తీసేత్తామండి. మొదటేడు మా వంపులోనే జారి పడిపోయారండి మాస్టారు. తెల్లప్యాంటు మొత్తం పాడైపోయింది. అంత చదువుకున్నాయన మనింటి ముందు పడిపోవడమేంటని మాకు సిగ్గేసిందండి. ఆ మరుసటేడు నుంచీ ఈవిడా, నేనూ శుభ్రం చేసి పెడతన్నాం."

"చెప్పలేదేం గంగయ్య గారూ?" అన్నారు భీమరాజు గారు, వినీ వినపడనంత మెల్లగా.

"చెప్పుకోడానికేముందండి అందులో."

పదేళ్లలో ఆ వంపు దగ్గర ఆయన తప్పని కొట్టేసిన కొలత ఒక్కటే నిజమన్నమాట. ఏడవాలో నవ్వాలో తెలియక నేను గొడుగు మూశాను, తెరిచాను. ఆయన మాత్రం కాలువలోకి దిగి, ఇంకా తియ్యని చోట ఊచ దించి, కొలత రాసుకుని, పైకొచ్చి గంగయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. "చాలా శ్రమపడ్డారండి నాకోసం" అన్నారు. ఒక్క ముక్క కూడా నిష్ఠూరంగా లేదు.

మజ్జిగ తాగి వెళ్లమని అప్పాయమ్మ లోపలికి పిలిచింది. ఒకటే గది, చల్లగా ఉంది. చుట్టుపక్కల నేలకంటే నడుమెత్తున ఉంది దాని అడుగు. అలికిన నేల మీద ముగ్గు గీతలు.

"ఇంత ఎత్తు ఎలా లేపారమ్మా?" అన్నాను.

"మాస్టారి మట్టేనండి" అంది అప్పాయమ్మ. "ఏటా తీసిందంతా ఇక్కడే పోసి తొక్కేవోళ్లం. ఇదివరకు వానొత్తే పొయ్యిలోకి నీళ్లొచ్చేసేయి. పోయినేడు దీని మీదే గది వేసుకున్నామండి."

నా బుర్ర గిర్రున తిరిగింది. ఎనిమిదేళ్ల మట్టి. ఏ ఏటికా ఏడు ఒక పొర, మా కాళ్లకిందే ఉంది. గది మధ్యలో అడ్డంగా గొయ్యి తవ్వితే ఏ పొర ఎంతో కొలవొచ్చు. కల మాటెలా ఉన్నా నిజమైన కొలతలు దొరుకుతాయి. రెండు నెలలుంది, థీసిస్ తిరగరాయొచ్చు. నేను ఆ మాట పైకే అనేశాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

అప్పాయమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "దానిదేముందండి, తవ్వుకోండి. మంచం అటు జరిపితే సరిపోద్ది. మాస్టారి చదువు కంటేనా."

గంగయ్య అప్పటికే పార తీసుకొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

భీమరాజు గారు ఆ పారకేసి చాలాసేపు చూశారు. ఆయన మొహంలో ఆశ కనపడింది నాకు. పదేళ్ల పని, హెడ్డు కుర్చీ, పేరు ముందు డాక్టరన్న మాట, అన్నీ ఆ పార చివర ఉన్నాయి. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, అరచేత్తో ఆ నేలని ఒకసారి నిమిరారు.

"వద్దమ్మా" అన్నారు అప్పాయమ్మతో. "మీరు కాదనలేరు. అందుకే నేను అడక్కూడదు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేదు. ఈ ఏటి కొలత వదిలేయండి, పాతవి ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేయండి, గంగయ్య వచ్చి చెబుతాడా ఎవరికైనా, అని సణిగాను. "నీళ్లకి తెలుసు కదమ్మా" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. మడి కట్టుకుని కూర్చుంటే పదవులు రావు మాస్టారూ అని, మండపేట వచ్చేదాకా మొహం తిప్పుకున్నాను.

జూన్ వెళ్లిపోయింది. ఆయన థీసిస్ ఇవ్వలేదు. కొత్త హెడ్డు గారు విశాఖపట్నం నుంచి వచ్చారు. కిటికీ పక్క సీటు ఆయనకి కావాలంటే భీమరాజు గారు తలుపు పక్కకి మారారు. అక్కణ్నుంచి చేలు కనపడవు. అధ్యాపకుల వివరాల పత్రంలో 'పరిశోధనాసక్తి' అన్న గడి దగ్గర అందరం మూడేసి వరసలు నింపితే, ఆయన 'వండ్రు మట్టి' అని రాసి ఊరుకున్నారు. క్లాసులో కళ్లు మూసుకోమనడం కూడా మానేశారు. సరాసరి బోర్డు మీద సమీకరణం రాసేవారు. నా ఇంటిగ్రేషన్‌కి అడ్డేమీ లేదు. లేకపోవడమే నాకు బాధగా ఉండేది.

ఆగస్టులో పెద్ద వానలు పడి వరదొచ్చింది. వారం రోజులు కాలేజీ మూసేశారు. తెరిచిన రోజు భీమరాజు గారి పేర కార్డొకటి వచ్చి ఉంది. అన్నేళ్లలో గంగయ్య రాయించిన మొదటి కార్డు. ఆయన చదివి నాకిచ్చారు.

'మాస్టారు గారికి నమస్కారములు. కాలువ పొర్లి గట్టు మునిగినది. చుట్టుపక్కల ఇళ్లలోకి నీరు వచ్చినది. మన గదికి గడప దాకా వచ్చి ఆగినది. నాలుగిళ్ల వాళ్లు, పసిపిల్లలతో సహా, మూడు రాత్రులు ఇక్కడే తలదాచుకున్నారు. మీ మట్టి అని అందరికీ చెప్పినాము. వచ్చే వేసవికి ఏ తారీఖున వచ్చేదీ రాయగలరు.'

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను బోర్డు మీద లెక్క సగంలో ఉన్నాను. గోడ అవతల నుంచి వినపడింది. "కళ్లు మూసుకోండి. మీరొక ఇసుక రేణువు."

ధవళేశ్వరం గేటు ఎత్తారు. లాకులు దాటాయి, వంతెనలు దాటాయి. అరటితోటల నీడలు వచ్చాయి. నా చాక్‌పీసు దానంతటదే ఆగింది.

"గానుగ వంపు దగ్గర మీకు అలసటొచ్చింది. అడుక్కి దిగారు. వేసవొచ్చింది, కాలువ కట్టేశారు. ఒకాయన మిమ్మల్ని తట్టకెత్తాడు. వాళ్లావిడ మోసుకెళ్లి, పోసి, తొక్కి, అలికి, ముగ్గు పెట్టింది. పైన ఎవరో పసివాణ్ని పడుకోబెట్టారు. బయట నీళ్లు గడప దాకా వచ్చాయి. మీరు కదలొద్దు. మీరు కదలకపోతే వాడు నిద్రపోతాడు."

కళ్లు తెరవండి అంటారని చూశాను. ఆయన అనలేదు. ఇటు తిరిగి చూస్తే మా పిల్లలు కూడా కళ్లు మూసుకునే ఉన్నారు. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆయన లేపేదాకా కదలకుండా ఉన్నాను.