నలభై ఒక్క వి.పి.లు

ఈమధ్య మా కోడలు ఫోనులో చెప్పులు తెప్పించింది. డబ్బు ముందు కట్టక్కర్లేదు, సరుకు చేతికొచ్చాక ఇస్తే చాలట. చెప్పులొచ్చాయి. తొడిగి చూసుకుని, బిగుతన్నది, వెనక్కి పంపేసింది. ఎవరికీ పైసా ఖర్చు లేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. "దీన్ని క్యాష్ ఆన్ డెలివరీ అంటారు మావయ్యగారూ" అని నాకు విడమర్చి చెప్పబోయింది. ఎవరికి చెబుతోంది? ఆ విద్యలో చేతులు కాల్చుకుని ఊరుకోక, మొహం కూడా కాల్చుకున్నవాణ్ణి నేను. మా రోజుల్లో దాని పేరు వి.పి.పి.

బందరు హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ హాయిగా ఉండక నేను కథలు రాశాను. రాసి ఊరుకోక అచ్చు వేయించాను. దీనికంతటికీ మూలం, మొవ్వలో నాకు తొమ్మిదో తరగతి తెలుగు చెప్పిన టీచర్ గారు. నా వ్యాసం ఒకటి చదివి "నువ్వు రాయగలవు నాయనా" అన్నారు. పాపం, ఆ పూట ఆవిడకు ఏం తోచక అన్నారో ఏమో, నేను దాన్ని ఇరవై ఏళ్ళు మోశాను. లోకమంతా చదవకపోయినా సరే, ఆవిడ ఒక్కరు చదివి బాగుందంటే చాలు. నిజంగా అంతే అనుకున్నాను.

గుడివాడలో ఓ మిత్రుడి మేడమీద పుస్తకావిష్కరణ జరిగింది. పకోడీలు, కాఫీ అయ్యాక ఒక నోటుబుక్కు చేతులు మారింది. పుస్తకం కావలసినవారు అడ్రసు రాసి సంతకం పెడితే వి.పి.లో పంపుతామన్నమాట. మొదటి సంతకం టీచర్ గారిది. అప్పటికి ఆవిడ రిటైరై సొంతూరు ఘంటసాలలో ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ పెట్టారు కదా అని అందరూ పెట్టారు. మొత్తం నలభై ఒకటి. మా వైపు మనిషి మొహంమీద కాదనడు. "తప్పకుండా పంపండి, విడిపించుకుంటా" అంటాడు. ఆ మర్యాదను ఆర్డరు అనుకున్నవాడు చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వి.పి. పద్ధతి ఇదీ. పంపేవాడు తపాలా ఖర్చు, రిజిస్ట్రేషను ముందే కట్టి, తన పేరుకే ఒక మనియార్డరు ఫారం నింపి కట్టతో పాటు ఇవ్వాలి. అందుకునేవాడు పుస్తకం వెల, దానిమీద మనియార్డరు కమిషను పోస్టుమాన్ చేతిలో పెడితేనే కట్ట ఇస్తారు. విప్పి చూసి నచ్చితే కడతానంటే కుదరదు. మనిషి దొరక్కపోతే ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచుతారు. ఆ తర్వాత కట్ట వెనక్కి, స్టాంపుల డబ్బు గంగలోకి.

కౌంటరులో గుమాస్తా నా బస్తా చూసి జాలిపడ్డాడు. "మాస్టారూ, ముందు తలా ఓ కార్డు రాసి అడగండి. ఊఁ అన్నవాళ్ళకే వి.పి. చెయ్యండి. తిరిగొస్తే ఖర్చు మీ నెత్తినేనండి" అన్నాడు.

"వీళ్ళంతా స్వయంగా సంతకాలు పెట్టినవాళ్ళండీ" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. ఆయన ముద్ర తీసుకుని నలభై ఒక్కసార్లు టపటపా కొట్టాడు.

మొదట మనియార్డర్లు తొమ్మిదొచ్చాయి. వచ్చినప్పుడల్లా మా పోస్టుమాన్‌కు కాఫీ ఇప్పించాను. దివిసీమ నుంచి ఒక ఎండుచేపల వ్యాపారి ఉత్తరం కూడా రాశాడు, కాగితం మందంగా గట్టిగా ఉంది, టోకున ఎక్కడ దొరుకుతుందో చెప్పమని. ఆ తర్వాత కట్టలు రావడం మొదలైంది. పమిడిముక్కలలో నాకు బావ వరసైనవాడొకడు గుమ్మంలో నిలబడి "ఆయన ఊళ్ళో లేరండీ" అని తన గురించి తనే చెప్పి పంపించాడు. తర్వాత ఓ పెళ్ళిలో కలిసి, అదేదో ఘనకార్యమైనట్టు నవ్వుతూ నాకే చెప్పాడు. మా పోస్టుమాన్ సైకిలు వీధి మొదట్లో కనిపిస్తే నేను పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. "మనం కాశీ చూడకపోయినా మీ పుస్తకాలు జిల్లా అంతా తిరిగొచ్చాయండీ" అన్నది మా ఆవిడ, వాటిని మంచం కిందికి తోస్తూ.

ముప్పై ఒకటి వచ్చినా నేను చలించలేదు. ముప్పై రెండోది టీచర్ గారిది. అది చూడగానే నా ఒళ్ళు మండింది. అంత కోపం నాకు అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పోస్టుమాన్ ఏదో చెప్పబోతే వినలేదు, కట్టమీద ఏం రాసుందో చూడలేదు. లోపలికెళ్ళి కార్డు రాశాను. అప్పటికే స్టాంపులకు బాగా వదిలింది కాబట్టి కవరు ఖర్చు దండగనిపించింది. "టీచర్ గారికి నమస్కారాలు. సంతకం పెట్టి పుస్తకం వద్దనడం మీ దగ్గర నేను నేర్చుకోలేదు. ఇన్నాళ్ళూ మీకోసమే రాశాను. ఇక రాయను." దారిలో ఎవరైనా చదువుకోవచ్చన్న ఆలోచన, లెక్కల మాస్టారికి, తట్టలేదు.

రెండు వారాలకు ఒక మనియార్డరు వచ్చింది. పదో పుస్తకం అమ్ముడైందని సంబరపడి కాఫీ పెట్టమని కేకేశాను. పంపినది టీచర్ గారు. ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకునే జాగాలో ఎవరో చీమల్లాంటి అక్షరాలు కుక్కారు. "మసక కళ్ళతో నీ పుస్తకం ఏం చదువుతానని శుక్లాల ఆపరేషనుకు బందరు వచ్చాను. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఈలోగా వి.పి. వచ్చి వెళ్ళిందట. నీ కార్డు మా పోస్టుమాన్ చదివి వినిపించాడు, ఇదీ అతనే రాస్తున్నాడు. పుస్తకం వెల, నీకైన ఖర్చు పంపుతున్నాను. ప్రభువు కృప నీకు తోడుండును గాక." కింద సంతకం మాత్రం ఆవిడది. గీత దాటి పక్కకు పోయింది.

ఆ తొమ్మిది రోజులూ నేను ఆ ఆస్పత్రి గోడ పక్కనుంచే సైకిలు మీద బడికి వెళ్ళాను.

"కట్టమీద 'తలుపు తాళం' అని రాశారండి. ఆరోజు మీకు చెప్పబోయాను" అన్నాడు మా పోస్టుమాన్.

సిగ్గుతో చచ్చిపోయాను. "ఈ డబ్బు నాకొద్దు. వెనక్కి పంపెయ్యండి" అన్నాను.

"వద్దంటే 'తిరస్కరించారు' అని రాసి పంపాలండి మాస్టారూ. అక్కడ ఆవిడకి అది కూడా మళ్ళీ పోస్టుమానే చదివి వినిపించాలి. పంపమంటారా?"

సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాను. అంత బరువైన డబ్బు నా జీవితంలో మళ్ళీ తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నమే బడికి సెలవు పెట్టి ఘంటసాల బస్సెక్కాను. దారి పొడుగునా క్షమాపణ వాక్యాలు కూర్చుకున్నాను. కొన్ని చాలా బాగా కుదిరాయి కూడా. టీచర్ గారు వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోగా "డబ్బు అందిందా?" అన్నారు.

"అందిందండీ."

"పుస్తకం తెచ్చావా?"

చేతిలో పెట్టాను. అట్ట మీద వేళ్ళతో తడిమి, మళ్ళీ నాకే ఇచ్చారు. "ఇంకో పదిహేను రోజులు చదవొద్దన్నాడు డాక్టరు. కూర్చుని నువ్వే చదువు."

మొదటి కథ చదివాను. ఇరవై ఏళ్ళుగా ఆవిడ కోసమే రాసుకున్న కథ. ఆవిడ ఎదుట పైకి చదువుతుంటే, వెన్నెల మీద పెట్టిన ఒకటిన్నర పేజీ ఎంతకీ తరగలేదు. ఆవిడ కదలకుండా విన్నారు. అయిపోయింది.

"ఆ కార్డు దీనికంటే బాగా రాశావు నాయనా" అన్నారు. "ఒక్క మాట ఎక్కువ లేదు. ఊఁ, రెండోది చదువు."